దాచుకునే పిస్టల్‌కు రంగెందుకు?

అమెరికాలో పిస్టల్‌ను చొక్కా మాటున పెట్టుకుని తిరగడం చాలా రాష్ట్రాల్లో చట్టసమ్మతమే. టెక్సాస్‌లో 2021 నుంచి చాలామందికి అందుకు పర్మిట్ కూడా అక్కర్లేదు. కొనడానికి వెళితే నలుపు, వెండి, ఇసుక, ఆలివ్ పచ్చ అంటూ రంగులు చూపిస్తారు. ఎవరికీ కనబడకూడని వస్తువుకు ఇన్ని రంగులు దేనికి?

తుప్పును ఆపడానికి లోహానికి ఏం చేశారన్న దాన్నిబట్టే చాలావరకు ఆ రంగు వస్తుంది. అందుకే రంగు కంటే దాని వెనకున్న పనితనం చూడాలి.

ఒంటిమీద ఉంటే తుప్పు ఎందుకు?

పిస్టల్ నడుము దగ్గర, బెల్టు లోపల గంటల తరబడి ఉంటుంది. చెమటలో ఉప్పు ఉంటుంది. ఆ ఉప్పులోని క్లోరైడ్ మామూలు ఉక్కును త్వరగా తినేస్తుంది. బీరువాలో ఏళ్లతరబడి నిగనిగలాడే తుపాకీకి కూడా హ్యూస్టన్ ఎండాకాలంలో నడుముకెక్కితే మచ్చలు పడతాయి.

నలుపు ఎలా వస్తుంది?

దారులు చాలా ఉన్నాయి. పాతది బ్లూయింగ్. సుమారు 140 డిగ్రీల దగ్గర మరిగే క్షార లవణాల ద్రావణంలో ఉక్కును ముంచితే పైపొర నల్లటి ఐరన్ ఆక్సైడ్‌గా మారుతుంది. చూడ్డానికి అందంగా ఉంటుంది కానీ బాగా పలచన. ఇనుప పెనానికి లాగే నూనె రాస్తూ ఉండాలి.

రెండోది పార్కరైజింగ్. ఇది ఫాస్ఫేట్ పూత, బూడిద రంగులో గరుగ్గా ఉండి నూనెను పట్టి ఉంచుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన ఎం1911ఏ1 పిస్టళ్లకు వేసింది ఇదే.

మూడోది నైట్రైడింగ్. ఇందులో నత్రజని ఉక్కు పైపొరలోకే ఇంకి దాన్ని గట్టిపరుస్తుంది. 1982లో ఆస్ట్రియా సైన్యం ఎంచుకున్న గ్లాక్ పిస్టల్‌తో ఈ పద్ధతికి బాగా పేరొచ్చింది. పైన కనిపించే నలుపు అరిగినా కింద గట్టిపడిన పొర అలాగే ఉంటుంది. కాబట్టి ‘నల్లది కావాలి’ అంటే సరిపోదు, ఎలా నల్లబడిందో కూడా అడగాలి.

వెండి రంగు సంగతేమిటి?

19వ శతాబ్దంలో నికెల్ పూత వేసేవారు. అది ఎక్కడైనా పెచ్చు లేచిందంటే తేమ కిందికి దూరుతుంది. 1965లో స్మిత్ అండ్ వెసన్ మోడల్ 60 అనే చిన్న రివాల్వర్‌ను స్టెయిన్‌లెస్ స్టీల్‌తో చేసింది. ఇందులో పూత అవసరమే లేదు. ఉక్కులోని క్రోమియం గాలి తగలగానే తనకు తానే రక్షణ పొర కట్టుకుంటుంది, గీత పడినా మళ్లీ కడుతుంది. అయినా ఉప్పు చెమట అలాగే ఆరిపోతూ ఉంటే దానికీ సన్నటి గుంటలు పడతాయి. తుడవక తప్పదు.

ఇసుక, పచ్చ ఎలా వస్తాయి?

లోహ భాగాలకు సాధారణంగా సెరాకోట్ లాంటి సెరామిక్ కలిసిన పూతను స్ప్రే చేసి ఓవెన్‌లో ఆరబెడతారు. చెమటను బాగా తట్టుకుంటుంది. అయితే హోల్‌స్టర్‌లోకి దూర్చి తీసేటప్పుడు అంచుల దగ్గర అరుగుతుంది. అరిగితే మళ్లీ వేయించుకోవచ్చు. ప్లాస్టిక్ ఫ్రేముకైతే రంగును ముడిసరుకులోనే కలిపే వీలుంది, అప్పుడు గీసుకున్నా లోపల అదే రంగు.

మెరిస్తే బయటపడుతుందా?

చొక్కా కింద పిస్టల్‌ను పట్టిచ్చేది రంగు కాదు, ఉబ్బు. దానికి మందు మంచి హోల్‌స్టర్, కాస్త వదులు చొక్కా. మెరుపుతో ఇబ్బంది గురి చూసేటప్పుడే. అందుకే మెరిసే పిస్టళ్లకు కూడా పైభాగాన్ని మెరుపు లేకుండా వదిలేయడం కద్దు.

గులాబీ, నారింజ ఎందుకు వద్దంటారు?

బొమ్మ తుపాకీని అసలుదనుకోకుండా దాని మూతికి నారింజ గుర్తు ఉండాలని 1988 నాటి ఫెడరల్ చట్టం తెచ్చిన నియమం. అసలు తుపాకీకే బొమ్మ రంగు వేస్తే ఆ గుర్తు అర్థం తారుమారవుతుంది. ముందుగా పొరబడేది పిల్లలు. ఏ రంగుదైనా ఇంట్లో తాళంలోనే ఉండాలి.

మరి ఎలా ఎంచుకోవాలి?

మనవాళ్లు ముందు చూసుకోవాల్సింది వీసా. హెచ్-1బీ వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. వేట లైసెన్సు వంటి మినహాయింపులు కొన్నే. ఆ అడ్డు లేనివారు చెమట ఎక్కువ పట్టేవారైతే నైట్రైడింగ్ లేదా స్టెయిన్‌లెస్ తీసుకోవడం మేలు. ఓపిగ్గా నూనె రాసుకునేవారికి బ్లూయింగ్ అయినా ఫరవాలేదు. ఇవి తేలాక మిగిలిన వాటిలో నచ్చిన రంగు తీసుకోవచ్చు.