ఐదు గీతలు, ఒక తాళపుచెవి

విశాఖపట్నం రేవులోనికి ఓడను నడిపించు పైలట్ సముద్రపటమును చూచునపుడు, అందలి లోతు అంకెలు ఏ మట్టము నుండి లెక్కించినవో ఎరిగియుండును. ఆ మట్టము తెలియనిచో అంకెలెంత స్పష్టముగా నున్నను నిష్ప్రయోజనములే. పాశ్చాత్య సంగీతమును వ్రాయు ఐదు గీతల సంగతియు ఇట్టిదే. గీత మీది చుక్క ఒక స్వరము. అది ఏ స్వరమో గీతల మొదటనుండు క్లెఫ్ అను గుర్తు చెప్పవలెను. క్లెఫ్ అనగా ఫ్రెంచి భాషలో తాళపుచెవి.

ముఖ్యమైన క్లెఫ్‌లు మూడు. జి, ఎఫ్, సి అను అక్షరములే కాలక్రమమున వంపులు తిరిగి ఈ రూపములు దాల్చినవి. జి క్లెఫ్ చుట్ట క్రింది నుండి రెండవ గీతను చుట్టుకొనును. ఆ గీత జి. ఎఫ్ క్లెఫ్ ప్రక్కనున్న రెండు చుక్కల నడుమ పోవు నాల్గవ గీత ఎఫ్. సి క్లెఫ్ నడుము ఏ గీతపై నిలచునో అది సి.

నల్లబల్లపై ఐదు గీతలు గీచి, క్రింది నుండి రెండవ గీతపై ఒక్క చుక్క పెట్టి చూడుడు. జి క్లెఫ్ వేసినచో అది సెకనుకు 392 ప్రకంపనముల స్వరము. దానిని చెరిపి ఎఫ్ క్లెఫ్ వేసినచో అదే చుక్క బి, అనగా సుమారు 123.5 ప్రకంపనములు. మధ్యగీతపై సి క్లెఫ్ వేసినచో ఎ, 220. చుక్క మాత్రము కదలలేదు!

నేడు ఈ పాఠమును చేతిఫోనులోని యాప్‌లు నేర్పుచున్నవి. కొన్ని చుక్కను చూపి పేరడుగును. కొన్ని వాయించిన ధ్వనిని మైకు ద్వారా గ్రహించి, సాధారణముగా సెకనుకు 44,100 మార్లు కొలిచి, ప్రకంపనముల సంఖ్యను రాబట్టును. 440 ప్రకంపనముల ఎ స్వరమునకు 69 అను సంఖ్య ఏర్పరచుకొన్నారు. ఒక్కొక్క అర్ధస్వరమునకు సంఖ్య ఒకటి పెరుగును, ప్రకంపనములు సుమారు 1.0595 రెట్లగును. పండ్రెండు మెట్లెక్కినచో సరిగా రెట్టింపు. పై 392 ఈ లెక్కలో 67.

కర్ణాటక సంగీతము నేర్చిన విద్యార్థికి ఇచ్చట ఒక చిక్కు కలదు. రెండవ శ్రుతిలో పాడు బాలిక ‘స’ అన్నచో యాప్ ‘డి’ అని చూపును. బాలిక తప్పు పాడలేదు, యంత్రమును తప్పు చెప్పలేదు. మన షడ్జము గాయకుని వెంట నడచును; సి మాత్రము పియానోపై పాతిన రాయి. ఈ భేదము మొదటనే చెప్పనిచో, చక్కని శ్రుతిజ్ఞానము గల పిల్ల తనకు చెవి లేదనుకొని విరమించు ప్రమాదమున్నది.

మరియొక లోపము. చుక్కలను విడివిడిగా అడుగు యాప్ అక్షరములు నేర్పునే గాని చదువు నేర్పదు. నేర్పరి ప్రతి చుక్కకు పేరు పెట్టుకొనడు. ముందు స్వరము నుండి ఎన్ని మెట్లు ఎక్కెనో, దిగెనో చూచును. పేర్లు కూడబలుకుకొనువాడు పాటలో వెనుకబడును.

ఈ లిపికి మన దేశపు పాటలు క్రొత్త కావు. ఎ.ఎం.చిన్నస్వామి మొదలియారు 1893లో త్యాగరాజ కృతులను స్టాఫ్ నొటేషన్‌లో ప్రకటించిరి. 1919లో మదనపల్లెలో రవీంద్రుడు ‘జనగణమన’ పాడగా, ఆ బాణీని మార్గరెట్ కజిన్స్ ఈ లిపిలోనే వ్రాసియుంచిరి.

అయితే గమకము సంగతి వేరు. ఊగుచున్న గాంధారమును యాప్ దగ్గరి మెట్టునకు సర్దివేయును, లేదా రెండు మూడు పేర్లు గబగబ మార్చి చూపును. సుబ్బరామ దీక్షితులు 1904లో తెలుగు లిపిలో వెలువరించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో స్వరాక్షరములతో పాటు గమకములకు వేరువేరు గుర్తులు ఏర్పరచిరి. మెట్లు వ్రాసినంత మాత్రమున మెట్ల నడుమ నడక తెలియదని వారెరుగుదురు.