బొడ్డును బట్టి బంధుత్వం

ఆదివారం సాయంత్రాలు మెరీనా ఒడ్డున మా అమ్మాయి ఏరుకొచ్చే చిప్పలకు ఒక సదుపాయం వున్నది. వాటిలో కొన్నింటికి ఎవరో ముందే బెజ్జం పెట్టి వుంచుతారు. దారం గుచ్చి మెడలో వేసుకోవటమే తరువాయి. "ఈ బెజ్జం ఎవరు పెట్టారు నాన్నా?" అని అది అడిగితే, రాళ్లకు ఒరుసుకుని పడివుంటుందని చెప్పి తప్పించుకున్నాము. మెరీనాలో రాళ్లెక్కడున్నవండీ అని మా ఆవిడ పక్కనుంచి అందుకున్నది. తెలియకపోతే తెలియదని చెప్పరాదా అని కూడా అన్నది. ఆ మాట కొంచెం గుచ్చుకుని, నాలుగైదు వారాలు సెలవు రోజుల్లో గ్రంథాలయానికి పోయి కూర్చున్నాము. అక్కడ మాకు దొరికిన సంగతి ఒక చిప్పతో ఆగలేదు. కోట్ల సంవత్సరాల వెనక్కి, అమెరికా ఖండం నడిబొడ్డుకు తీసుకుపోయింది.

ముందు బెజ్జం సంగతి చెబుతాము. అది ఒక నత్త పని. గుండ్రంగా, నున్నగా, పున్నమినాటి చంద్రుడి మాదిరి వుంటుంది గనుక ఇంగ్లీషువారు దాన్ని మూన్ స్నెయిల్ అన్నారు. మనం చంద్రనత్త అనుకుందాము. మన బంగాళాఖాతపు ఒడ్డునా ఈ జాతివి వున్నవి. చూడటానికి బహు సాధువు. ఇసుకలో కూరుకుని దున్నుకుంటూ పోతుంది. దారిలో ఆలుచిప్ప తగిలిందంటే మాత్రం తన వెడల్పాటి పాదంతో చుట్టేసి బిగించి పట్టుకుంటుంది. నోటి చివర అడుగున ఒక మెత్తని అవయవం వున్నది. దాన్నుంచి ఊరే ఆమ్లద్రవం సున్నపు చిప్పను మెత్తబరుస్తుంది. ఆ తరువాత ఆకురాయి వంటి నాలుకతో మెత్తబడినంత మేర గీకుతుంది. మళ్లీ ద్రవం, మళ్లీ గీకుడు. ఇట్లా గంటల తరబడి, చిప్ప దళసరిదైతే రోజుల తరబడి సాగుతుంది. బెజ్జం పడగానే తొండం లోపలికి పోనిచ్చి మాంసం తినేస్తుంది. ఒక్కొక్కప్పుడు తన జాతి నత్తనే ఇట్లా తింటుంది.

ఈ బెజ్జానికి ఒక ఆనవాలు వున్నది. పైన వెడల్పు, లోపలికి పోను పోను సన్నం. మరమేకు తల చెక్కలోకి దిగటానికి వడ్రంగి తొలిచే గుంట ఎట్లా వుంటుందో అట్లా వుంటుంది. ముళ్ల శంఖాల జాతి నత్తలు కూడా చిప్పలు తొలుస్తవిగాని, వాటి బెజ్జం గోడలు చాలావరకు నిటారుగా దిగుతవి. చచ్చినవాడి ఒంటిమీది గాయం చూసి ఏ కత్తో చెప్పినట్లు, చిప్పను చూసి ఏ నత్తో చెప్పవచ్చునన్నమాట.

ఇట్లాంటి చిప్పలూ, వీటి పక్కనే చంద్రనత్తలూ, అన్నీ రాయైపోయి, అమెరికాలోని డకోటా, వయోమింగ్ ప్రాంతాల్లో దొరుకుతున్నవి. ఇప్పుడక్కడ గడ్డినేలలూ, పశువుల మందలూ, బీడుకొండలూను. సముద్రం చూడాలంటే వెయ్యి మైళ్ల వరకూ పోవలసిన చోట్లున్నవి. కాని సుమారు 10 కోట్ల సంవత్సరాల కిందట మొదలుకొని 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల కిందటి దాకా, భూగర్భ శాస్త్రజ్ఞులు క్రెటేషియస్ అనే యుగంలో, ఉత్తర ధ్రువ సముద్రం నుంచి మెక్సికో అఖాతం దాకా ఒక లోనాటి సముద్రం ఆ ఖండాన్ని రెండు ముక్కలు చేసి నిలిచింది. పొడవు సుమారు 3,200 కిలోమీటర్లు, వెడల్పు ఎక్కువైన చోట దగ్గర దగ్గర 1,000. అంత పెద్దదైనా లోతు తక్కువే. మహాసముద్రాలతో పోలిస్తే చెరువు కింద లెక్క. అడుగున బురద, ఇసుక. చంద్రనత్తకు ఇంతకంటే ఏం కావాలి?

1853 లో ఇద్దరు యువకులు మిస్సోరీ నది వెంబడి ఆ బీడుకొండలకు పోయి రాతిచిప్పలు పోగుచేశారు. ఒకరు ఫెర్డినాండ్ హేడెన్, వైద్యం చదివినవాడు. రెండోవాడు ఫీల్డింగ్ మీక్. మాకు ఈ మీక్ మీద ఎక్కువ అభిమానం కలిగిందని ఒప్పుకోవాలి. వ్యాపారం పెట్టి నష్టపోయినవాడు. ఆరోగ్యం అంతంతమాత్రం. రానురాను చెవులు వినిపించకుండా పోయినవి. వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ భవనంలోనే ఒక గదిలో కాపురముండి, పెళ్లి పెటాకులు లేకుండా, హేడెన్ పంపిన పెట్టెలు విప్పటం, చిప్పలు బొమ్మ గీయటం, పేరు పెట్టటం, ఇదే జీవితంగా గడిపాడు. మిస్సోరీ ఎగువ ప్రాంతపు శిలాజాల మీద ఆయన రాసిన పెద్ద గ్రంథం 1876 లో అచ్చయింది. ఆ సంవత్సరమే ఆయన చనిపోయాడు.

ఆయన కష్టమేమిటో కొంచెం ఊహించండి. నత్త చచ్చి కోట్ల ఏళ్లయింది. మాంసం లేదు, నాలుక లేదు. గుల్ల మాత్రమే మిగిలింది, అదీ అదృష్టముంటే. కొన్నిచోట్ల గుల్ల కూడా కరిగిపోయి, లోపల నిండిన బురద గట్టిపడి ఒక అచ్చు మిగులుతుంది. ఇడ్లీని చూసి ఇడ్లీపాత్ర మీద ఏ కంపెనీ పేరున్నదో చెప్పమన్నట్లుంటుంది. కొన్నింటిని పైనున్న మట్టి బరువు నొక్కి చదును చేస్తుంది. పొడుగు శిఖరం గలది పొట్టిదై కూర్చుంటుంది. పిల్లనత్త గుల్లకూ పెద్దనత్త గుల్లకూ పోలిక సరిగా వుండదు. ఈ కారణాలవల్ల ఒకే జంతువుకు మూడు పేర్లు పడటమూ, మూడు జంతువులు ఒకే పేరుతో చలామణీ కావటమూ జరుగుతుంది.

మరి దేన్ని చూస్తారు? శిఖరం ఎత్తు, చుట్ల సంఖ్య, చుట్టుకూ చుట్టుకూ మధ్య అతుకు దగ్గర భుజం వున్నదా, పల్లంగా జారిపోయిందా ఇవన్నీ చూస్తారు. అన్నిటికంటే ముఖ్యం బొడ్డు. గుల్లను తిరగేసి నోటి పక్కన చూస్తే, చుట్లన్నీ తిరిగిన ఇరుసు దగ్గర ఒక గుంట కనబడుతుంది. దాన్నే బొడ్డు అంటారు. కొన్నింటికి అది తెరిచి వుంటుంది, కొన్నింటికి సున్నపు ముద్దతో సగం మూసుకునో పూర్తిగా పూడిపోయో వుంటుంది. చంద్రనత్తల్లో యూస్పైరా అనే ప్రజాతికి బొడ్డు చిన్నది, ఒళ్లు గుండ్రం. జైరోడీస్ అనేదానికి బొడ్డు బహు విశాలం, భుజం చదును. మీక్ కాలంలో యూస్పైరా వాటిని లునేషియా అని రాసేవారు. లునేషియా అనే పేరు 1847 నాటిది, యూస్పైరా 1837 నాటిది. రెండూ ఒకటేనని తేలాక, ముందు పెట్టిన పేరే నిలుస్తుందని శాస్త్రజ్ఞుల నియమం. సీనియారిటీ జాబితా వంటిదే. పదేళ్లు ముందు చేరినవాడిదే కుర్చీ. 1967 లో నార్మన్ సోల్ అనే ఆయన వయోమింగ్‌లో రెడ్ బర్డ్ అనే చోటి నత్తలను మళ్లీ మొదటినుంచి పరీక్షించి గ్రంథం రాశాడు. మీక్ పోయిన తొంభై ఏళ్లకూ ఫైలు మూసివేయబడలేదు.

ఒక నత్తను ఈ అరలోనుంచి ఆ అరలోకి మారిస్తే ఎవరికేం పోయింది అని మా స్నేహితులొకరు నవ్వారు. మాకు నవ్వు రాలేదు. కారణం వున్నది.

మేము ఒక ఆఫీసులో రికార్డు సెక్షన్ చూసే రోజుల్లో ఇద్దరు రిటైరైన ఉద్యోగుల ఫైళ్లు మా చేతికి వచ్చినవి. పేరొకటే, ముందున్న పొడి అక్షరమూ 'కె' యే. ఒకాయన మనవాడు, ఆయన 'కె' ఇంటిపేరు. రెండో ఆయన తమిళుడు, ఆయన 'కె' తండ్రిపేరు. ఈ దేశంలో మూడు తరాలుగా వుంటున్న మాకు ఈ తేడా తెలియదా? తెలుసు. అయినా ఆ రోజు చూడలేదు. రెండు ఫైళ్లనూ కలిపి ఒకటిగా కుట్టేశాము. ఆ కారణాన ఒక ముసలావిడకు భర్త తాలూకు పింఛను ఏడు నెలలు ఆగిపోయింది. ఆవిడ కౌంటరు దగ్గరికి వచ్చినప్పుడల్లా మేము తలవంచుకుని కూర్చునేవాళ్లం. అక్షరం ఒకటైనంత మాత్రాన ఇల్లు ఒకటి కాదు.

నత్తల్లోనూ ఇదే జరిగింది. ఆంపుల్లైనా అని ఒక తెగ వున్నది. గుండ్రని ఒళ్లు, నున్నని గుల్ల, చూస్తే చంద్రనత్త తోబుట్టువనే అంటారు. వెనకటి పండితులు అట్లాగే అనుకుని ఒకే కుటుంబం కింద వేశారు. ఈ తెగవారి శిలాజాలు క్రెటేషియస్‌కు చాలా ముందునుంచీ దొరుకుతవి. 1984 లో ఫర్సిచ్, జబ్లాన్‌స్కీ అనే ఇద్దరు, ఇటలీ ఉత్తరాన ఇరవై కోట్ల సంవత్సరాలు పైబడిన చిప్పల్లో తొలిచిన బెజ్జాలు చూపారు. ఆ పొరల్లోనే ఈ గుండ్రని నత్తలున్నవి. ఇంకేం, దొంగ దొరికాడన్నారు. తొలిచే విద్య అప్పుడే పుట్టి, ఎందుకో అంతరించి, పదికోట్ల ఏళ్లకు పైగా గడిచాక మళ్లీ పుట్టిందని కథ ఏర్పడింది.

అయితే ఆ తెగ పూర్తిగా నశించలేదు. ఫిలిప్పీన్స్ సముద్రంలో సెర్నైనా ఫ్లక్చువాటా అనే ఒక్కటి ఇంకా బ్రతికి వున్నది. జపాను శాస్త్రజ్ఞులు కాసే, ఇషికావా దాన్ని ప్రాణంతో పట్టి, ఏం తింటుందో, లోపలి అవయవాలెట్లా వున్నవో చూసి 2003 లో ప్రకటించారు. అది సముద్రపు నాచు మేసే జంతువు! చిప్ప తొలిచే సాధనాలేవీ దానికి లేవు. చంద్రనత్తతో దగ్గరి చుట్టరికమూ లేదు. ఆంపుల్లైనా తెగ మొత్తం మీద మోపిన హత్యానేరం దీంతో బలహీనపడింది. ఇటలీ చిప్పలను తొలిచినవాడు వేరెవడో కావాలి. చంద్రనత్తల వేట క్రెటేషియస్ కాలంలోనే మొదలైందన్న మాటకు బలం చేకూరింది. అంటే అమెరికా లోనాటి సముద్రం నిలిచిన కాలమే ఈ వేటగాళ్ల తొలినాళ్లు. ఆ రాతిచిప్పల మీది బెజ్జాలకు విలువ అందువల్లనే. గుల్లను తప్పు అరలో పెడితే, ఆలుచిప్పలు తమ గోడలు ఎప్పటినుంచి దళసరి చేసుకోవలసివచ్చిందన్న లెక్క కూడా తప్పుతుంది.

ఇదంతా దూరదేశపు సంగతి అనుకోబోకండి. చెన్నపట్నం నుంచి విరుధాచలం మీదుగా తిరుచిరాపల్లి పోయే రైలు అరియలూరులో ఆగుతుంది. మన బంధువర్గంలో ఆ దారిన పెళ్లిళ్లకు పోనివారు వుండరు. అక్కడి సిమెంటు కర్మాగారాలు తవ్వుతున్న సున్నపురాయి, ఆ క్రెటేషియస్ యుగంలోనే బంగాళాఖాతం వైపునుంచి లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రపు అడుగు. బ్లాన్‌ఫర్డ్ అనే ఆయన ఆ పొరలను పటం గీసి 1862 లో వివరించాడు. మొరేవియా దేశస్థుడు ఫెర్డినాండ్ స్టోలిచ్‌కా ఆ సంవత్సరమే కలకత్తాలో భారత భూగర్భ సర్వేలో చేరి, ఆ పొరల నత్తలన్నింటికీ 1867, 68 సంవత్సరాల్లో ఒక గ్రంథం రాశాడు. వాటిలో విశాలమైన బొడ్డు గల ఒక దానికి జైరోడీస్ పాన్సస్ అని పేరు పెట్టాడు. మీక్ వాషింగ్టన్ గదిలో చూస్తున్న ప్రజాతే ఇది. ఇద్దరూ ఒకే కాలంలో, భూగోళానికి చెరొక పక్కన కూర్చుని, తిరుచిరాపల్లి నత్తనూ డకోటా నత్తనూ తిరగేసి బొడ్డు చూస్తున్నారన్నమాట. స్టోలిచ్‌కా 1874 లో యార్కండ్ యాత్రనుంచి తిరిగివస్తూ లడక్ కొండల్లో చనిపోయాడు. 36 ఏళ్లే వయసు.

ఇంటికి వచ్చి అమ్మాయి దండ ఇమ్మని అడిగాము. తెగిపోతుందేమోనని బిక్కుబిక్కుమంటూ ఇచ్చింది. భూతద్దం పెట్టి ఒక్కొక్క చిప్పే చూశాము. మొత్తం 23. గిన్నె మాదిరి బెజ్జం గలవి 17. నిటారు గోడలవి నాలుగు. ఒకటి అంచులు మొక్కలుగా విరిగి వున్నది, అది దెబ్బ తగిలి పడ్డదే. ఆ ఒక్కదాని విషయంలో మేము మొదట చెప్పిన జవాబు నిజమేనని మా ఆవిడకు చూపించాము.

మిగిలిన చిప్పకు దండలో చోటెట్లా దొరికిందని చూస్తే, దాని బెజ్జం అమ్మాయే సూదితో పొడిచింది. పక్కనే నత్త పెట్టిన గుంట వున్నది, గుండ్రంగా, అడుగు నున్నగా. కాని అవతలికి దిగలేదు. ఆ ఆలుచిప్ప ఆనాడు తప్పించుకున్నది. దాన్ని దండలోంచి తీసి అగ్గిపెట్టెలో దూదిమీద వుంచి, పైన తేదీ రాయమని అమ్మాయికిచ్చాము. తేదీ రాసి, పేరు దగ్గర ఖాళీ వదిలింది.