283 మంది వస్తేనే...

బడి బడ్జెట్‌ను సగానికి పైగా కోసేసిన సభ ఒకటి, దాన్ని వెనక్కి తెచ్చిన సభ ఇంకొకటి. రెండింటికీ మధ్య చట్టంలోని ఒక సెక్షను

2022 మార్చి 12, శనివారం. అమెరికా ఈశాన్య కొసన ఉన్న న్యూ హ్యాంప్‌షైర్ రాష్ట్రంలో క్రోయ్‌డన్ అనే చిన్న ఊరు. జనాభా 800 చిల్లర. ఆ రోజు మంచు పడుతోంది. ఊరి స్కూల్ డిస్ట్రిక్ట్ వార్షిక సభలో బడ్జెట్ మీద ఓటేసినవాళ్లు మొత్తం 34 మంది. వచ్చే విద్యా సంవత్సరానికి 17 లక్షల డాలర్లు కావాలని బోర్డు ప్రతిపాదించింది. ఒకాయన లేచి 8 లక్షలు చాలన్నారు. ఓట్లు లెక్కపెడితే ఆయన సవరణకు 20, వ్యతిరేకంగా 14. బడి డబ్బులో సగానికి పైగా ఆ పూటే పోయింది.

బడులు తెరిచే వారానికి ఒక చిన్న ప్రభుత్వ స్కూల్ డిస్ట్రిక్ట్ కబుర్లతో ముఖచిత్ర కథనం కావాలని సంపాదకులు అడిగారు. అలాంటి డిస్ట్రిక్టుల కబుర్లంటే మామూలుగా బస్సు వేళలు, మధ్యాహ్న భోజనం మెనూ, మంచు సెలవులు, వచ్చే బోర్డు సమావేశం తేదీ. గడువు దగ్గరపడేసరికి అవన్నీ పక్కకు వెళ్లిపోయి క్రోయ్‌డన్ ఒక్కటే మిగిలింది. అందులోనూ నన్ను కదలనివ్వనిది ఆ రాష్ట్ర చట్టంలోని 197:3 అనే సెక్షను. ఈ కథనంలో సగం దాని గురించే.

ముందు ఆ ఊరి సంగతి. అక్కడ స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే బడి కోసమే ఏర్పడిన స్థానిక సంస్థ. దానికి ఎన్నికైన బోర్డు, సొంత బడ్జెట్ ఉంటాయి. ఖర్చులో పెద్ద వాటా ఊళ్లోని ఇళ్ల మీద, భూముల మీద వేసే పన్ను నుంచే వస్తుంది. క్రోయ్‌డన్‌లో ఉన్నది ఒకటే బడి. 1780 నాటిదని చెప్పుకునే ఆ చిన్న బడిలో నాలుగో తరగతి వరకే చదువు. పై తరగతుల పిల్లలు పక్కనున్న న్యూపోర్ట్‌కో మరో చోటికో వెళ్తారు. వాళ్ల ఫీజు క్రోయ్‌డన్ డిస్ట్రిక్టే కడుతుంది. అంతా కలిపితే 80 మంది దాకా పిల్లలు. బడ్జెట్‌లో ఎక్కువ భాగం ఇలా పక్క ఊళ్లకు కట్టే ఫీజులే కాబట్టి, ఇక్కడ ఖర్చు తగ్గించుకుందామన్నా బోర్డు చేతిలో ఉన్నది తక్కువ.

సవరణ పెట్టిన ఇయాన్ అండర్‌వుడ్ అప్పట్లో ఊరి పాలనను చూసే సెలెక్ట్ బోర్డు సభ్యుడు. అప్పటి స్కూల్ బోర్డు అధ్యక్షురాలు జోడీ అండర్‌వుడ్ ఆయన భార్య. ఆయన లెక్క సూటిగా ఉంది: పిల్లకు 10,000 డాలర్లు, 80 మందికి 8 లక్షలు. పన్నులు పెరుగుతున్నాయి, ఆ మేరకు చదువు పెరగడం లేదు అన్నది ఆయన వాదన. ప్రభుత్వం పాత్ర వీలైనంత తగ్గాలని నమ్మేవాళ్లను న్యూ హ్యాంప్‌షైర్‌కు తరలిరమ్మని పిలిచే ఫ్రీ స్టేట్ ప్రాజెక్ట్ అనే ఉద్యమం ఒకటుంది. ఈ వాదన వెనక ఆ ఆలోచనాధోరణి ఉంది. పన్ను కట్టేవాడు లెక్క అడగడం తప్పు కాదు. ఏటా తన ఇంటి మీద పన్ను పెరుగుతుంటే ఆ డబ్బు ఎటుపోతోందని అడిగే హక్కు ఆయనకు నిండుగా ఉంది.

అయితే న్యూపోర్ట్ వసూలు చేసే ఫీజు 10,000 డాలర్ల కంటే చాలా ఎక్కువ. తేడా తల్లిదండ్రులే భరించాలి, లేదా పిల్లలు చదువుతున్న బడి వదలాలి. ఉన్న డబ్బుతో నెట్టుకురావడానికి బోర్డు 'మైక్రోస్కూల్' పద్ధతి వైపు చూసింది. అంటే కొద్దిమంది పిల్లలు కంప్యూటర్ పాఠాల ముందు కూర్చుంటారు, పర్యవేక్షణకు ఒకరుంటారు. హైస్కూల్లో ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ఆ వసంతం ఎలా గడిచి ఉంటుందో చెప్పనక్కర్లేదు.

సెక్షను ఏం చెబుతుంది?

ఓటర్లు సంతకాలు పెట్టి కోరితే ప్రత్యేక సభ జరపాలి. అక్కడిదాకా సులువే. అసలు మెలిక 197:3లో ఉంది. ప్రత్యేక సభలో కొత్తగా డబ్బు కేటాయించాలన్నా, అంతకుముందు సభ చేసిన కేటాయింపును తగ్గించాలన్నా, రద్దు చేయాలన్నా రెండు షరతులు. ఒకటి, రహస్య బ్యాలెట్. రెండు, ఆ సభలో పడే ఓట్లు డిస్ట్రిక్ట్ ఓటర్లలో కనీసం సగం ఉండాలి. క్రోయ్‌డన్ ఓటర్ల జాబితాలో అప్పుడు ఉన్నది 565 మంది. సగమంటే 283.

ఇక్కడ నిదానంగా చదవాలి. 283 మంది 'సరే' అనాలని చట్టం చెప్పడం లేదు. 283 మంది వచ్చి ఓటెయ్యాలి, అంతే. వాళ్లలో ఎవరు ఎటు ఓటేస్తారన్నది తర్వాతి సంగతి. 282 మంది వచ్చి అందరూ ఒకే మాట మీద నిలబడినా ఆ ఓటు చెల్లదు. కాబట్టి కోత నిలబడాలని కోరుకునేవాడికి అన్నిటికన్నా లాభసాటి పని ఆ రోజు ఇంట్లో కూర్చోవడం. అతను వచ్చి వ్యతిరేకంగా ఓటేస్తే అవతలివాళ్ల 283కి ఒకటి కలిపినట్టే. రాకపోతే అతని గైర్హాజరే ఓటుగా పనిచేస్తుంది.

మరి మార్చి సభకు ఈ షరతు ఎందుకు లేదు? 20 మంది చేసిన కోతను విప్పడానికి 283 మంది కావాలా? మొదటిసారి చదివినప్పుడు ఇది ఘోరమైన అన్యాయంగా కనబడుతుంది. ఆలోచిస్తే చట్టం తర్కం తెలుస్తుంది. వార్షిక సభ ప్రతి వసంతంలోనూ జరిగేదే. వారెంట్ అని పిలిచే నోటీసులో ఏయే అంశాలు చర్చకొస్తాయో రాసి కనీసం 14 రోజుల ముందు అతికించాలి. రావలసిన రోజు అందరికీ తెలుసు కాబట్టి ఎంతమంది వస్తే అంతమందిదే నిర్ణయం. ప్రత్యేక సభ అలా కాదు. ఏ నెలలోనైనా, ఏ గుంపైనా, జనం ఆదమరిచి ఉన్న అదను చూసి పెట్టించుకోవచ్చు. రానివాళ్ల డబ్బును ఆ గుంపు నుంచి కాపాడడానికే సగం మంది షరతు.

క్రోయ్‌డన్‌లో ఆ కాపుదల తిరగబడింది. నోటీసులో ఉన్నది 17 లక్షలు. అది మామూలు బడ్జెట్టే కదా అనుకుని రానివాళ్లకు, సభలో లేచే సవరణ ఏమిటో ముందుగా తెలిసే వీలు లేదు. ఆదమరిచిన వేళ దెబ్బ ప్రత్యేక సభలో తగలలేదు, ఏటా జరిగే సభలోనే తగిలింది. రానివాళ్లను కాపాడాల్సిన సెక్షను ఇప్పుడు వాళ్లకే అడ్డుగోడ అయింది. చట్టం రాసినవాళ్లు ఈ కోణం ఊహించలేదని నా అభిప్రాయం.

అయినా జనం ఆ గోడ ఎక్కారు. పార్టీల తేడా మరిచి ఒక బృందంగా ఏర్పడ్డారు. ఇంటింటికీ తిరిగారు, ఫోన్లు చేశారు, రోడ్ల పక్కన బోర్డులు పాతారు. వాళ్లు అడగాల్సింది ఒకటే: మీ ఓటు ఎటన్నది మీ ఇష్టం, ఆ రోజు మాత్రం రండి. మే 7, మళ్లీ శనివారం. పడిన ఓట్లు 379. పాత 17 లక్షల బడ్జెట్‌కు అనుకూలంగా 377, వ్యతిరేకంగా 2.

ఈ అంకెలు చూసి ప్రజాస్వామ్యం గెలిచిందని రాసేయడం తేలిక. నాకు ఆ ఊరి మీద ప్రేమే. పక్కింటివాడి ముఖం చూస్తూ బడి ఖర్చు మీద వాదించుకోగలిగిన చోటు లోకంలో ఇంకా మిగిలి ఉండడం నాకు గొప్ప సంగతిగా తోస్తుంది. కానీ చిన్నదైతే చాలు ప్రజాస్వామ్యం బాగుంటుందన్న మాటను ఈ కథ చూశాక నేను నమ్మలేను. మార్చిలో ఓటేసినవాళ్లు జాబితాలో 6 శాతం. మేలో 67 శాతం. చట్టం అదే, ఊరు అదే, పిల్లలూ వాళ్లే. నష్టం కళ్లెదుట నిలిచాక వచ్చినవాళ్లు, నోటీసు అతికించి పిలిచిన మార్చి సభకు రాలేదు. బడి భవిష్యత్తు తేలేది ఉద్వేగం నిండిన రెండో సభలో కాదు, ఎవరికీ ఆసక్తి లేని మొదటి సభలో.

చరిత్ర క్లుప్తంగా: న్యూ హ్యాంప్‌షైర్ మసాచుసెట్స్‌లో భాగంగా ఉన్న కాలంలో, 1647లో, 50 ఇళ్లున్న ప్రతి ఊరూ చదువు చెప్పే మనిషిని పెట్టుకోవాలని చట్టం వచ్చింది. ఊరి బడి ఊరి ఖర్చన్న అలవాటు అలా పాతుకుంది. 1939-40లో అమెరికాలో 1,17,108 స్కూల్ డిస్ట్రిక్టులుండేవి. విలీనాలు జరిగి జరిగి ఇప్పుడు 13 వేల పైచిలుకు మిగిలాయి. న్యూ హ్యాంప్‌షైర్‌లో జీతాల మీద రాష్ట్ర పన్ను లేదు, అమ్మకం పన్ను లేదు, భారంలో పెద్ద వాటా ఆస్తిపన్ను మీదే. క్రోయ్‌డన్ ఉన్న సల్లివన్ కౌంటీలోనిదే క్లేర్‌మాంట్ పట్టణం. ఆ పేరుతో నడిచిన కేసులో 1993, 1997 తీర్పుల ద్వారా, తగిన చదువుకు డబ్బు సమకూర్చే బాధ్యత రాష్ట్రానిదేనని న్యూ హ్యాంప్‌షైర్ సుప్రీంకోర్టు చెప్పింది. ఆ గొడవ నేటికీ తెగలేదు.

అమెరికాలోని తెలుగు తల్లిదండ్రులకు

హెచ్1బీ వీసా మీద ఉన్నవాళ్లు సొంతింటికి ఆస్తిపన్ను కడతారు, అద్దెకున్నా అందులో ఆ పన్ను కలిసే ఉంటుంది. పిల్లలు ప్రభుత్వ బడికి వెళ్తారు. కానీ స్కూల్ బోర్డు ఎన్నికల్లో దాదాపు అన్నిచోట్లా పౌరులకే ఓటు. శాన్ ఫ్రాన్సిస్కో వంటి కొద్దిచోట్ల మాత్రం పౌరసత్వం లేని తల్లిదండ్రులూ బోర్డు ఎన్నికల్లో ఓటెయ్యవచ్చు. ఓటు లేనంత మాత్రాన గొంతు లేనట్టు కాదు. బోర్డు సమావేశాల్లో ప్రజలు మాట్లాడేందుకు సమయం కేటాయిస్తారు. కాలిఫోర్నియాలో బ్రౌన్ చట్టం ప్రకారం మామూలు సమావేశపు ఎజెండాను 72 గంటల ముందే బయటపెట్టాలి. బడ్జెట్ అంశం ఏ రోజు వస్తుందో అందులో చూసుకుని వెళ్లండి.

మన బడి, మన కమిటీ

మన దేశంలో ప్రభుత్వ బడుల విద్యా కమిటీలకు పన్ను వేసే అధికారం లేదు, క్రోయ్‌డన్ సభతో వాటికి పోలిక కుదరదు. అయినా 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం వాటికిచ్చింది తక్కువేమీ కాదు. కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, వచ్చిన నిధుల ఖర్చును గమనించడం కమిటీ పనులు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబర్ 7న మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ అన్ని ప్రభుత్వ బడుల్లో ఒకేరోజు జరిగినప్పుడు పండగలా ఉంది. కమిటీ మామూలు సమావేశానికి పండగ కళ ఉండదు, ఖర్చుల లెక్క వచ్చేది మాత్రం అక్కడికే. ఈసారి బడి నుంచి కబురొస్తే, సంతకం రిజిస్టరును ఇంటికి పంపించమనకండి. వెళ్లి, చదివి, అడిగి, అప్పుడు సంతకం పెట్టండి.