తీగలేని లంకెకు ముందుగా చెట్టు ఎత్తు చూడుడు

మన సహకార సంఘముల లెక్కలు కంప్యూటరున కెక్కుచున్నవి. 2022వ సంవత్సరమున కేంద్రప్రభుత్వము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల కిట్టి యేర్పాటు నామోదించెను. అయితే కార్యాలయమునకు వచ్చిన ఇంటర్నెట్టు చేలనడుమ గోదామునకు అందకున్న యెడల, ధాన్యము కొనుగోలునాడు రైతునకు అగచాట్లు తప్పవు. రెండు చోట్ల రెండు రేడియోలు నిలిపి తీగ లేకుండ లంకె వేయవచ్చును. ఏ రేడియో కొనవలెనని కూచిపూడి ప్రాంతపు సభ్యులు మమ్మడుగుచున్నారు. మొదట దారి, పిదప ఏంటెన్నా, కడపట రేడియో చూడవలెనని మా మనవి.

మే మెరిగిన యొక సంఘమువారు గోదాము కప్పుపై ఏంటెన్నా బిగించిరి. రెండేండ్లు లంకె చక్కగా నడచెను. అంతలో నడుమనున్న సరుగుడు తోట యెదిగి అడ్డుపడెను. వారు సొమ్ము వెచ్చించి మరింత బలమైన రేడియో తెచ్చిరి, ఫలము లేకపోయెను. బస్తాల బండ్లు వాకిట నిలిచియుండగా వాన కురిసెను. స్థలము చూచి సరేయన్నవారము మేమే. పైరుల యెదుగుదల తెలిసియు సరుగుడు మొక్కల నానాడు లెక్కింపమైతిమి.

ఎదుటి స్తంభము కంటి కానినంత మాత్రమున చాలదు. రేడియో తరంగములు దారమువలె సన్నగా పోవు. నూలు చుట్టిన కదురువలె నడుమ ఉబ్బి పోవును. 5 కిలోమీటర్ల లంకెకు నడిమిభాగమున చూపురేఖ చుట్టును 5.8 గిగాహెర్ట్జు తరంగములకైన సుమారు 16 అడుగులు, 2.4 గిగాహెర్ట్జు తరంగములకైన సుమారు 25 అడుగులు ఖాళీ యుండవలెను. నడుమ 50 అడుగుల కొబ్బరిచెట్లున్నచో, 5.8కైనను చూపురేఖ 66 అడుగులకు పైబడి పోవలెను. చెట్లు ఎదుగు మేర దానికి అదనము. డెల్టా చదునునేలలో కొండ ఆసరా లేదు. తోటలను తప్పించి వరిచేలమీదుగా దారి దొరకునేమో ముందు వెదకుడు. స్తంభపు ఖర్చు తగ్గును.

స్ప్రేయరు నాజిలు సన్నమైనకొలది ధార దూరము పోవును. ఏంటెన్నాయు నట్టిదే. రెండడుగుల డిష్షు 5.8 తరంగములను సుమారు 6 డిగ్రీల మేరకు కూర్చి పంపును. గాలికి అది 3 డిగ్రీలు తిరిగిన యెడల బలము సగమగును. కావున స్తంభమునకు లాగుడు తీగలు గట్టిగా బిగింపవలెను. ఒక కొన తరంగము నిలువుగా నున్న రెండవ కొనయు నిలువుగానే యుండవలెను.

ఇక రేడియో. ఇండ్లలోని వైఫై పెట్టెలతో 2.4 క్రిక్కిరిసియున్నది, 5.8 మేలు. ఆ శ్రేణిని పరిమిత శక్తితో లైసెన్సు లేకుండ వాడుకొన 2018లో కేంద్రప్రభుత్వము అనుమతించెను. ప్రభుత్వ ఆమోదము పొందిన పరికరమునే కొనుడు. మన వానలు 5.8ని అంతగా బాధింపవు. 60 గిగాహెర్ట్జు పరికరములు మాత్రము జడివానకు దెబ్బతినును.

ఇది మన ప్రాంతమునకు క్రొత్త కాదు. పశ్చిమ గోదావరి జిల్లాలో బైర్రాజు ఫౌండేషనువారు అశ్విని యను పేర వైఫై లంకెలతో గ్రామములను కలిపి చదువునకును వైద్యసలహాకును వాడిరి.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను మరువరాదు. స్తంభమునకు పిడుగు కాపును, నేలతీగయును తప్పనిసరి. సంఘసభలో రేడియో ధర చదువుటకు ముందు, దారిలోని చెట్ల ఎత్తు కొలిచి వ్రాసిన కాగితము సభ్యులు అడుగుదురుగాక.