ఎవరు? ఎక్కడ? ఎప్పుడు?

వీధిలో ఎవరిల్లు ఎక్కడో, ఎవరికి ఎవరు చుట్టమో ఆడవాళ్ళకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది చెప్పండి! ఆ తెలివిడే హక్కుల పనిలో పెద్ద ఆధారం.

తెనాలి నుంచి బాపట్ల వైపు రైలెక్కితే దారిలో చుండూరు వస్తుంది. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను వెంటాడి చంపి, శవాలను కాలవల్లో పడేశారు. మిగిలినవాళ్ళు తెనాలి వచ్చి తలదాచుకున్నారు. ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఎవరు, ఎక్కడ, ఏ వేళకు చంపారో రుజువు కాలేదంది.

ఆ మూడు ప్రశ్నల కోసమే మ్యాపు. పెద్ద కాగితం మీద ఇళ్ళు, పొలాలు, కాలవలు గీస్తారు. ఎవరు ఎక్కణ్ణుంచి, ఏ వేళకు, ఏం చూశారో అక్కడే రాస్తారు. ఎవరు ఎవరికి చుట్టం, ఎవరి పొలంలో ఎవరు కూలీ అన్నది గీతలతో కలుపుతారు. దీన్నే నెట్‌వర్క్ ఎనాలిసిస్ అంటారు. ఇద్దరి మాటలు ఎక్కడ కలిశాయో, ఎక్కడ తేడా వచ్చిందో ఇట్టే కనిపిస్తుంది.

ఒక్క జాగ్రత్త. సాక్షుల పేర్లకు బదులు అంకెలు వేయాలి. కాగితం పరాయి చేతికి చిక్కితే ప్రాణాలకే ముప్పు.

రేపల్లెలోనైనా, మీ వీధిలోనైనా ఎవరిమీదన్నా దౌర్జన్యం జరిగితే, జ్ఞాపకం చెదరకముందే ఆ రోజే రాసిపెట్టండి.