కూకట్‌పల్లి విశ్వవిద్యాలయం: సీటు లెక్క

విశ్వవిద్యాలయాల చరిత్రలు మామూలుగా వైస్ ఛాన్సలర్ల పేర్లతో, శంకుస్థాపన తేదీలతో నిండి ఉంటాయి. దళితుల వైపు నుంచి జె.ఎన్.టి.యు. చరిత్ర రాయాలంటే సీటును పట్టుకుని రాయాలి. సీటు ఎవరిది? ఫీజు ఎవరు కట్టారు? రిజర్వేషన్ ఎంతవరకు వచ్చి ఆగింది?

తేదీలు త్వరగా చెప్పుకుందాం. 1965లో హైదరాబాదులో నాగార్జునసాగర్ ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. దాన్ని, 1946లో మొదలైన కాకినాడ, అనంతపురం కాలేజీలను, హైదరాబాదు లలితకళల కళాశాలను కలిపి 1972 అక్టోబర్ 2న శాసనసభ చట్టంతో ఈ సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని ఏర్పాటు చేశారు. 1980లలో హైదరాబాదు కాలేజీ మాసబ్‌ట్యాంక్ నుంచి కూకట్‌పల్లికి మారింది. 2008లో విశ్వవిద్యాలయాన్ని నాలుగుగా విడగొట్టారు.

మొదటి దశలో లెక్క సులువు. కాలేజీలు సర్కారువి, సీట్లు సర్కారువి. వాటిలో ఎస్సీలకు వాటా ఉండేది. కాకపోతే సీట్లే బహు కొద్ది. 1986లో ఎంసెట్ మొదలయ్యాక కోచింగ్ కొనుక్కోగలిగినవాడికీ కొనలేనివాడికీ తేడా ర్యాంకులోనే కనబడసాగింది. వాడల నుంచి, హాస్టళ్ల నుంచి తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలకు ఇంగ్లీషు పాఠం ఇంకో గోడ. ఆ గోడ గురించి ఏ రిజర్వేషన్ జీవోలోనూ ఒక్క ముక్క ఉండదు.

అసలు మార్పు 1990లలో వచ్చింది. ప్రైవేటు కాలేజీలకు అనుబంధం ఇవ్వడంతో, పాఠం చెప్పే విశ్వవిద్యాలయం ప్రధానంగా పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే సంస్థ అయిపోయింది. 1993లో ఉన్నికృష్ణన్ తీర్పు సీట్లను ఫ్రీ, పేమెంట్ అని సగం సగం చేసింది. 2005లో ఇనాందార్ తీర్పు, ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు కాలేజీల మీద రాజ్యం రిజర్వేషన్ రుద్దకూడదన్నది. దాన్ని దాటడానికి 93వ రాజ్యాంగ సవరణ చేశారు. అయినా 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా రిజర్వేషన్‌కు బయటే ఉండిపోయింది. పట్టా మాత్రం అదే విశ్వవిద్యాలయానిది!

ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్ల వేలాదిమంది మాల మాదిగ పిల్లలు ఇంజనీర్లయ్యారు, ఇది కాదనలేం. కానీ సర్కారు సొమ్ము సర్కారు కాలేజీ పెట్టడానికి గాక ప్రైవేటు యాజమాన్యానికి చేరింది. ఆ సొమ్ము ఆలస్యమైతే చాలాచోట్ల కాలేజీ పట్టుకునేది పిల్లవాడి సర్టిఫికెట్లనే. బాకీ ప్రభుత్వానిది, తాకట్టు మనది.

ఇక మనలో మన వాటా సంగతి. 1994లో దండోరా లేవనెత్తిన ప్రశ్నకు 1997లో ఎ, బి, సి, డి వర్గీకరణ జవాబుగా వచ్చింది. 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న అదే కోర్టు ఉపవర్గీకరణ చెల్లుతుందన్నది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో 1, 9, 5 శాతాల చొప్పున మూడు గ్రూపులు అమల్లోకి వచ్చాయి. మాదిగల వాదన న్యాయమైందని నా అభిప్రాయం. అయితే ఇంజనీరింగ్‌లో ఈ పంపకమంతా కన్వీనర్ సీట్లలోనే జరుగుతుంది. కూకట్‌పల్లి నుంచి కొద్ది దూరంలో, 1998లో సైబర్ టవర్స్‌తో మొదలైన హైటెక్ సిటీ కంపెనీల్లో ఉద్యోగాలకు ఆ 15 శాతమే లేదు. ఎక్కువమంది అదే పని కోసం ఈ పట్టా చదువుతున్నారు.