ప్రవాసుల ఆచారములు – ఆరోగ్యము

మన గూడూరు ప్రాంతమునుండి చదువుకొఱకును, ఉద్యోగముకొఱకును అమెరికా మొదలగు దేశములకు బిడ్డలను పంపిన కుటుంబములు గలవు. అచ్చటి వాడుకలవలన బిడ్డల ఆరోగ్యము చెడునేమోయని తలిదండ్రులు భయపడుట సహజము. ఈ భయము నిజమో కాదో తెలియవలెనన్న, మనుష్యుడు పరదేశపు రీతులకు ఎంతవఱకు అలవడెనో ముందు కొలువవలెను. జ్వరమును కొలుచుటకు ఉష్ణమాపకము గలదు. ఆచారమును దేనితో కొలుతుము?

అచ్చట గడపిన యేండ్లను, పలుకు భాషను లెక్కించుట సులభమైన పద్ధతి. కాని ఇరువది యేండ్లు పరదేశమున నుండియు ఇంట తెలుగే పలుకుచు, పప్పన్నమే భుజించువా రుందురు. కావున జాన్ బెర్రీ యను మనశ్శాస్త్రజ్ఞుడు రెండు ప్రశ్నలను వేఱువేఱుగా నడుగవలెననెను: స్వకీయాచారమును నిలుపుకొనెనా? క్రొత్త సమాజముతో కలిసెనా? రెంటిని చేయుట సమన్వయము. రెండవదానినే చేయుట విలీనము. మొదటిదానినే చేయుట వేర్పాటు. ఏదియు లేకుండుట ఏకాకితనము.

ఇట్టి కొలతవలన ప్రయోజనమేమి? కాలిఫోర్నియాలోని 3,809 మంది జపానీయులను పరిశీలించి, మార్మట్, సైమ్ అను పండితులు 1976లో ఫలితములను ప్రకటించిరి. పూర్వాచారమును గట్టిగా నిలుపుకొనినవారిలో హృద్రోగము జపానులోవలెనే స్వల్పముగా నుండెను. పాశ్చాత్య రీతులకు మిక్కిలి అలవడినవారిలో అది మూడు మొదలు అయిదు రెట్లు అధికముగా నుండెను. పొగత్రాగుట, రక్తపుపోటు మొదలగు కారణములతో మాత్రమే ఈ భేదము తీరలేదు.

అట్లని పూర్వాచారమంతయు మందేయని తలపరాదు. షికాగో, సాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతములందలి దక్షిణాసియా ప్రవాసులను గూర్చి 2010లో మసాలా యను పరిశోధన ఆరంభమయ్యెను. మొదట 906 మంది చేరిరి. అందలి ప్రశ్నలలో ఉపవాసములు, శుభకార్యములందు మిఠాయిలు పెట్టుట, ఉమ్మడి కుటుంబము, దినభోజనము మొదలగునవి గలవు. ఉమ్మడి కుటుంబము తోడు నిచ్చును. మిఠాయి అధికమైన రక్తమునందు చక్కెరను పెంచును. ఈ రెంటిని ఒకే మొత్తముగా కూడినయెడల మేలు చేయునదేదో, కీడు చేయునదేదో తెలియదు. కావున ఒక్కొక్క యాచారమును విడిగా చూడవలెను.

విద్యార్థులారా! పరదేశమందున్న మీ యన్నగారితో మాటాడునపుడు మన భోజనము దొరకుచున్నదా యని మాత్రమే యడుగకుడు. ఎవరితో కూర్చుండి భుజించుచున్నారు, దినమునకెంత దూరము నడచుచున్నారు, చక్కెరను, రక్తపుపోటును పరీక్షింపించుకొనిరా యనియు నడుగుడు. గూడూరు విడిచి చెన్నపట్టణము చేరినవారికిని ఈ ప్రశ్నలే చెల్లును.